మిద్దె మీది ఎండకు తగిన ఎంసీబీ

వేసవిలో 40 డిగ్రీలు దాటే గండికోట ప్రాంతంలో ఎండ ఇప్పుడు పంట లాంటిదైంది. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలోనే కడప అల్ట్రా మెగా సోలార్ పార్కు వెలిసింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ వస్తుండటంతో ఇళ్ల మిద్దెల మీదికీ ప్యానెళ్లు ఎక్కుతున్నాయి. ప్యానెల్ గురించి, ఇన్వర్టర్ గురించి నలుగురినీ అడిగి తెలుసుకునేవారు కరెంటును తెంచే చిన్న బ్రేకరైన ఎంసీబీ దగ్గరికొచ్చేసరికి ఆంపియర్లు చూసి సరిపెట్టుకుంటారు. ఆంపియర్ల కన్నా ముందు చూడాల్సింది అది డీసీ కరెంటును తెంచగలదా, ఎన్ని వోల్టుల దాకా తెంచగలదు అన్నదే.

కరెంటు పారుతుండగా ఎంసీబీని ఆపితే లోపలి రెండు కొనలు విడిపోతూ మధ్యలో నిప్పుమెరుపు లేస్తుంది. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కనుక ఆ మెరుపు ఆరిపోవడం సులువు. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీకి ఆ సున్నా లేదు. మెరుపును సాగదీసి, ముక్కలు చేసి, చల్లార్చే ఏర్పాటు ఎంసీబీలోనే ఉండాలి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరింటిని వరుసగా కలిపితే వోల్టేజీ దాదాపు 300కు చేరుతుంది. చలికాలం పొద్దున ఇంకా పెరుగుతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న రకాన్ని తిరగేసి బిగిస్తే డీసీ ఎంసీబీ కూడా మెరుపును ఆర్పలేకపోవచ్చు. మామూలు ఏసీ ఎంసీబీతోనే ఏళ్లుగా నడుస్తోంది కదా అనేవారున్నారు. నడవడమంటే కరెంటును మోయడమే. మిట్టమధ్యాహ్నం దాన్ని ఆపాల్సి వచ్చిన రోజున గాని అసలు పరీక్ష రాదు.

ప్యానెళ్ల వైపు షార్ట్ అయితే ఎంసీబీ దానంతటదే పడిపోతుందన్న నమ్మకం కూడా సరికాదు. 13 ఆంపియర్లిచ్చే ప్యానెల్ షార్టయినా 14 దగ్గరే ఆగుతుంది. 20 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అలాగని ఎంసీబీ అక్కర్లేదనలేం. మరమ్మతు చేసే మనిషి చేత్తో ఆపేది దాన్నే కాబట్టి, మెరుపును ఆర్పే గుణమే దాని ప్రాణం. బ్యాటరీ ఉన్న ఇంట్లో లెక్క వేరు. అక్కడ షార్టయితే వేల ఆంపియర్లు ఉరుకుతాయి, ఎంసీబీ మీద రాసిన కిలో ఆంపియర్ల అంకె అప్పుడు కీలకం.

ఏసీ వైపు మన ఎండ మరో చిక్కు తెస్తుంది. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లిస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ చాలనిపిస్తుంది. కానీ ఇంటి ఎంసీబీల అంకె సాధారణంగా 30 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. ఎండ తగిలే ఇనుప పెట్టెలో వేడి 60 డిగ్రీలకు చేరితే ఆ ఎంసీబీ 13 దగ్గరే పడిపోవచ్చు, సరిగ్గా కరెంటు బాగా పండే వేళకే. అలాగని ఏకంగా 32 పెడితే, సన్నని తీగ కాలుతున్నా అది కదలదు. ఎంసీబీ కాపాడాల్సింది ఆ తీగనే. తీగ మోయగలిగితే 20 పెట్టి, పెట్టెను నీడపడే గోడకు బిగించడం మేలు.