మోచేతి నుంచి గుండె దాకా

బతికున్న మనిషి గుండెలోకి గొట్టం పంపితే గుండె అక్కడికక్కడే ఆగిపోతుందని 1929 నాటి డాక్టర్లలో చాలామందికి భయం. బెర్లిన్ దగ్గర్లోని ఎబర్స్‌వాల్డ ఊరి ఆసుపత్రిలో కొత్తగా చేరిన వెర్నర్ ఫోర్స్‌మన్‌కు మాత్రం ఆ భయం లేదు. పాతికేళ్ల కుర్రాడు. గుర్రం మెడ సిర గుండా గుండెలోకి గొట్టం పంపిన బొమ్మ ఒకటి పాత పుస్తకంలో చూశాడు. గుర్రానికి కానిది మనిషికి ఎందుకవుతుందన్నది అతని వాదన. ప్రాణం మీదికొచ్చిన రోగికి ఛాతీలోంచి సూది గుచ్చి గుండెలోకి మందు ఎక్కించే కంటే ఇదే మేలని పెద్ద డాక్టరుకు చెప్పాడు. ఆయన వద్దన్నాడు.

పనిముట్ల బీరువా తాళాలు గెర్డా డిట్సెన్ అనే నర్సు దగ్గరుండేవి. ఫోర్స్‌మన్ ఆమెను ఎలాగో ఒప్పించాడు. ఒప్పుకోవడమే కాదు, ప్రయోగమేదో తన మీదే చేయమంది ఆమె. సరేనని బల్ల మీద పడుకోబెట్టి కాళ్లూ చేతులూ కట్టేశాడు. ఆమె చేతికి మందు రాస్తున్నట్టు నటిస్తూనే, పక్కకు తిరిగి తన ఎడమ మోచేతి మడతకు మత్తు ఇచ్చుకుని, కోసి, మూత్రనాళాల కోసం వాడే సన్నని గొట్టాన్ని తన సిరలోకే ఎక్కించుకున్నాడు. సంగతి తెలిసి ఆమె మండిపడింది. కట్లు విప్పాక మాత్రం, గొట్టం వేలాడుతున్న చేయితో మెట్లు దిగుతున్న ఆ మనిషి వెంట ఎక్స్‌రే గదికి నడిచింది. ఫ్లోరోస్కోపు తెర ముందు అద్దం పెట్టారు. ఆ అద్దంలో తన ఛాతీని తానే చూసుకుంటూ ఫోర్స్‌మన్ గొట్టాన్ని 65 సెంటీమీటర్ల దాకా తోసుకున్నాడు. తర్వాత తీసిన ఎక్స్‌రేలో గొట్టం కొన కుడి కర్ణికలో ఉంది.

ఈ కథలో గొట్టం కంటే నాకు ఆ అద్దమే ముఖ్యమనిపిస్తుంది. గొట్టాలు అంతకుముందూ ఉన్నాయి. గొట్టం ఎక్కడుందో చూస్తూ తోయడమే కొత్త సంగతి. ఆ తర్వాత తొంభై ఏళ్లకు పైగా ఈ వైద్యం పెరిగిందంటే, తెర మీద కనిపించేది పెరుగుతూ రావడం వల్లే.

ఫోర్స్‌మన్‌కు దక్కింది మెచ్చుకోలు కాదు, వెటకారం. గుండె వైద్యం వదిలేసి మూత్రకోశ వ్యాధుల డాక్టరుగా స్థిరపడ్డాడు. నాజీ పార్టీలో చేరాడు, యుద్ధఖైదీ అయ్యాడు. ఆ జీవితమంతా మెచ్చుకోదగింది కాదు. న్యూయార్క్‌లో ఆండ్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ అదే గొట్టంతో గుండెలోని పీడనాలు కొలిచి చూపించాక, 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

1953లో స్వీడన్‌కు చెందిన స్వెన్ ఇవార్ సెల్డింగర్ దారిని ఇంకా సులువు చేశాడు. రక్తనాళంలోకి సూది గుచ్చు, సూదిలోంచి తీగ పంపు, సూది తీసేయి, తీగ మీదుగా గొట్టం ఎక్కించు. ఇప్పటికీ పద్ధతి అదే.

అయినా గుండె గదుల్లోకి వెళ్లడం ఒకటి, గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనుల్లోకి వెళ్లడం ఒకటి. వాటి వెడల్పు సాధారణంగా మూడు నాలుగు మిల్లీమీటర్లే. ఎక్స్‌రేకు కనిపించే డైని నేరుగా వాటిలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుందనుకునేవారు. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక 26 ఏళ్ల రోగికి కవాటం పరీక్ష చేస్తున్నాడు. గొట్టం కొన జారి కుడి కరోనరీలో దూరింది. అది గమనించే లోపే డై వెళ్లిపోయింది. గుండె నిజంగానే ఆగింది. సోన్స్ గావుకేక పెట్టి రోగిని దగ్గమన్నాడు. దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. రోగి బతికాడు, కరోనరీ యాంజియోగ్రామ్ పుట్టింది. అడ్డంకి ఎక్కడుందో, ఎంతుందో మొదటిసారి కంటికి కనబడింది.

చూసినదాన్ని అక్కడికక్కడే బాగుచేయొచ్చని నిరూపించింది పోర్ట్‌లాండ్ రేడియాలజిస్టు చార్లెస్ డాటర్. గిటారు తీగల్నీ, కారు స్పీడోమీటరు కేబుళ్లనూ విప్పి పనిముట్లు చేసుకునే రకం. అతనికి వచ్చే చీటీల్లో ఒకదాని మీద సర్జన్ ఒకాయన, చూసి చెప్పు చాలు, బాగుచేయబోకు అనే అర్థం వచ్చేలా రాశాడు. 1964 జనవరిలో కాలి వేళ్లు కుళ్లిన 82 ఏళ్ల ముసలమ్మ అతని దగ్గరికి వచ్చింది. కాలు తీసేయాలన్నారు సర్జన్లు, ఆమె ససేమిరా అంది. డాటర్ తొడ ధమనిలోకి తీగ పంపి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు ఎక్కించి దారి వెడల్పు చేశాడు. నిమిషాల్లో పాదం వెచ్చబడింది. తర్వాత ఆమె రెండేళ్లకు పైగా తన కాళ్ల మీదే నడిచింది. అమెరికా సర్జన్లు పట్టించుకోలేదు. యూరప్‌లో కొందరు పట్టుకున్నారు.

వారిలో ఒకడు జూరిక్‌లో పనిచేసే జర్మన్ డాక్టరు ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్. లావు గొట్టాన్ని కరోనరీలోకి తోయలేం. సన్నగా వెళ్లి లోపల ఉబ్బే బెలూన్ కావాలి. అయితే మామూలు బెలూన్ అడ్డంకి ఉన్నచోట ఉబ్బకుండా పక్కలకు పొంగుతుంది. లోపల ఎంత పీడనం పెట్టినా నిర్ణీత లావుకు మించి ఉబ్బని పదార్థం కావాలి. అది పీవీసీ అని తేలింది. ఆసుపత్రి డ్యూటీ అయ్యాక ఇంట్లో వంటగది బల్ల మీద భార్య, సహాయకురాలు, సహాయకురాలి భర్తతో కలిసి కత్తిరించడం, అతికించడం, వేడిచేయడం. 1976లో కుక్కల మీద ఫలితాలు అమెరికాలో చూపిస్తే పెదవి విరిచినవాళ్లే ఎక్కువ. 1977 సెప్టెంబరు 16న జూరిక్‌లో 38 ఏళ్ల రోగి గుండె ముందువైపు ధమనిలో బెలూన్ ఉబ్బించాడు. రోగి మెలకువగానే ఉన్నాడు. అవసరమైతే ఛాతీ తెరవడానికి సర్జన్లు సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు పని పడలేదు.

పదేళ్ల తర్వాత తీసిన యాంజియోగ్రామ్‌లో కూడా ఆ ధమని తెరుచుకునే ఉంది. అది చూడటానికి గ్రూంట్‌సిగ్ లేడు. 1985 అక్టోబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సొంతంగా నడుపుతున్న విమానం కూలి చనిపోయాడు. డాటర్, సోన్స్ పోయింది కూడా అదే ఏడాది.

బెలూన్‌తో చిక్కేమిటంటే, తెరిచిన ధమనుల్లో దాదాపు మూడోవంతు ఆరు నెలల్లో మళ్లీ మూసుకుపోయేవి. లోపల ఏదైనా ఆసరా, అంటే స్టెంటు, నిలబెట్టాలి. అర్జెంటీనాలో పుట్టిన హూలియో పాల్మాజ్‌కు దారి చూపింది గారేజీలో దొరికిన, గోడలకు పూత పట్టడానికి వాడే ఇనుప జల్లెడ ముక్క. ప్రయోగాలకు డబ్బిచ్చింది ఫిల్ రొమానో అనే రెస్టారెంట్ల యజమాని. మనిషి కరోనరీలో మొదటి స్టెంటు మాత్రం 1986 మార్చిలో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యూయెల్ పెట్టాడు. లోహాన్ని చూసి శరీరం గాయం మాన్పే ఉత్సాహంలో స్టెంటు మీద కూడా కండ పెంచేసింది. దానికి విరుగుడు ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన రాపమైసిన్. అవిభక్త పంజాబ్‌లో పుట్టిన సురేంద్రనాథ్ సెహగల్ కెనడాలో దాన్ని వెలికితీశాడు. ఆ మందు పూత పూసిన స్టెంటును 1999లో బ్రెజిల్ రోగికి పెట్టారు, 2003లో అది అమెరికా మార్కెట్‌కు వచ్చింది.

మన దగ్గర మొదట్లో స్టెంటంటే దిగుమతి సరుకు. మధ్యతరగతి ఇల్లు తాకట్టు పెట్టుకునే ధర. 1990ల్లో హైదరాబాద్ గుండె వైద్యుడు బి. సోమరాజు, అప్పటికి క్షిపణుల శాస్త్రవేత్తగా పేరున్న అబ్దుల్ కలామ్ కలిసి తక్కువ ఖర్చులో కలామ్-రాజు స్టెంటు చేయించారు. తర్వాత మందు పూత స్టెంట్ల రాకతో ధరలు మళ్లీ పైకెగిశాయి. చివరికి 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది: మామూలు లోహపుది 7,260 రూపాయలు, మందు పూతది 29,600. అప్పటిదాకా మందు పూత స్టెంటు సగటు ఎంఆర్‌పీ 1.21 లక్షలు. ఇంత తేడాతో అన్నేళ్లు అమ్మారంటే దాన్ని దోపిడీ అనడానికి నాకేం మొహమాటం లేదు.

ఇప్పుడు ఈ చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్‌లో గొట్టం ఎక్కువగా మణికట్టు నుంచే వెళుతోంది. సీసం ఏప్రన్ల బరువు మోస్తూ డాక్టరు, టెక్నీషియన్ నిలబడి ఉంటారు. రెండు మిల్లీమీటర్ల గొట్టంలోంచి డై పంపగానే బూడిదరంగు తెర మీద నల్లని కొమ్మలు విచ్చుకుంటాయి. ఒకచోట కొమ్మ నొక్కినట్టుంటుంది. సన్నని తీగ ఆ ఇరుకులోంచి దాటుతుంది. స్టెంటు తొడిగిన బెలూన్ దాని మీదుగా జారుతుంది. పీడనం చూపే ముల్లు పన్నెండు, పద్నాలుగు అట్మాస్ఫియర్లకు చేరుతుంది. కారు టైరులో ఉండేదానికి ఐదారు రెట్లు. ఆ కాసేపు ధమని పూర్తిగా మూసుకుంటుంది కనుక, “ఏం పెద్దాయనా, నొప్పొస్తోందా?” అని అడుగుతారు. “కొద్దిగా ఉంది సార్.” బెలూన్ దించేస్తారు, నొప్పి పోతుంది. మళ్లీ డై పంపితే కొమ్మ నిండుగా కనిపిస్తుంది.

ఆ తృప్తితోనే అసలు చిక్కు. అప్పట్లో డాటర్‌తో ‘చూసి వదిలెయ్’ అన్నారు. ఇప్పుడు కనిపించిందల్లా బాగుచేయాలన్న తొందర. తెర మీది నీడ, అడ్డంకి ఎంత ఇరుకో చెబుతుంది. దానివల్ల రక్తం నిజంగా తగ్గుతోందా అన్నది చెప్పదు. అందుకే తీగ కొనకు పీడనం కొలిచే సెన్సరు పెట్టారు. 2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో 1,005 మంది మీద చూస్తే, పీడనం కొలిచి నిర్ణయించినప్పుడు ఒక్కో రోగికి సగటున 2.7 బదులు 1.9 స్టెంట్లే పట్టాయి. పైగా ఏడాదిలో మరణాలు, గుండెపోట్లు, మళ్లీ చేయాల్సిన చికిత్సలు కలిపి చూస్తే అవీ తగ్గాయి. 2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనం 5,179 మందిని పరిశీలించింది, అందులో భారతీయులూ ఉన్నారు. గుండెపోటు లేకుండా నిలకడగా ఉన్న రోగుల్లో, మందులతో పాటు స్టెంటో బైపాసో చేసినా, ముందు మందులతోనే నెట్టుకొచ్చినా మరణాల్లో తేడా రాలేదు. స్టెంటు, బైపాస్ వల్ల ఛాతీ నొప్పి మాత్రం బాగా తగ్గింది. ఎడమవైపు ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు కనుక వారికి ఈ లెక్క వర్తించదు.

కాబట్టి పాఠకులకు నా మాట ఇది. ఛాతీ పట్టేసి, చెమటలు పోస్తుంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ ప్రతి నిమిషమూ గుండె కండరమే. అలాకాక, ఏదో చెకప్‌లో అడ్డంకి కనిపించి “రేపే స్టెంటు వేద్దాం” అంటే, ఒకపూట ఆగి “పీడనం కొలిచారా? మందులతో చూడొచ్చా?” అని అడగండి. స్టెంటు వేయించుకున్నవాళ్లు ఆస్పిరిన్, దానికి తోడిచ్చిన రెండో మాత్ర పన్ను పీకించుకోవడానికైనా సరే గుండె డాక్టరును అడగకుండా ఆపకండి. ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టే ప్రమాదముంది.