సామాను తరలింపు బిల్లులో ప్రయాణ సమయం

సుల్తాన్ బజార్‌లో అద్దెకుంటున్న ఒక కుటుంబం దిల్‌సుఖ్‌నగర్‌కు ఇల్లు మారుతోందనుకోండి. సామాను ఎక్కించి దించే సమయానికి డబ్బు ఇవ్వాలనడంలో ఎవరికీ పేచీ ఉండదు. కాని బండి తన షెడ్డు నుంచి మీ గుమ్మం దాకా ఖాళీగా వచ్చే సమయం, పని ముగిశాక ఖాళీగా తిరిగి పోయే సమయం ఎవరి ఖాతాలో పడాలి?

మన నగరంలో ఈ ప్రశ్న సాధారణంగా పైకి రాదు. అడ్డా మీది టాటా ఏస్ గాని, డీసీఎం గాని ట్రిప్పుకు ఇంత అని గుత్తగా మాట్లాడుకుంటాం. హమాలీ కూలి వేరుగా ఉంటుంది. ఖాళీ పరుగు ఖర్చు ఆ గుత్తలోనే కలిసిపోతుంది. అందుకే తిరుగు దారిలో మరో లోడు దొరికే అవకాశం ఉంటే డ్రైవరు రేటు తగ్గిస్తాడు. గంటల లెక్కన బిల్లు వేసే సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహిద్దాం. షెడ్డు నుంచి సుల్తాన్ బజార్‌కు 50 నిమిషాలు, ఎక్కించడానికి 120, దిల్‌సుఖ్‌నగర్‌కు 30, దించడానికి 90, తిరిగి షెడ్డుకు 60. కూలీలతో కలిపి గంటకు రూ. 900, అంటే నిమిషానికి రూ. 15.

షెడ్డు నుంచి షెడ్డు దాకా లెక్కిస్తే 350 నిమిషాలకు రూ. 5,250 అవుతుంది. గుమ్మం నుంచి గుమ్మం దాకా అయితే 240 నిమిషాలకు రూ. 3,600 మాత్రమే. రెండో పద్ధతి పాటించే సంస్థ గంటకు రూ. 1,200 అడిగినా మొత్తం రూ. 4,800 దాటదు. కాబట్టి రేటు ఒక్కటే చూసి చవక అనుకోకూడదు. గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందు అడగాలి. గంటలో భాగాన్ని పూర్తి గంటగా సవరిస్తారా అన్నదీ అడగండి. అలా సవరిస్తే మొదటి బిల్లు రూ. 5,400 అవుతుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో స్థానిక తరలింపులకు మూడో మార్గం ఉంది. షెడ్డు ప్రయాణాన్ని వదిలేసి, పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి పట్టిన సమయాన్ని రెట్టింపు చేస్తారు. మన ఉదాహరణలో ఇది 270 నిమిషాలు, రూ. 4,050. షెడ్డు ఎంత దూరాన ఉన్నా బిల్లు మారదు గనుక వినియోగదారుడు ముందే అంచనా వేసుకోగలడు. అయితే పటాన్‌చెరు వంటి దూరప్రాంతానికి మారేవారికి ఈ పద్ధతి భారమే.

సుల్తాన్ బజార్‌లో మరో చిక్కు ఉంది. బడీ చౌడీ వైపు సందుల్లోకి పెద్ద బండి రాదు. దాన్ని పెద్ద రోడ్డు మీదే నిలిపి, సామాను చేతులమీద మోసుకురావాలి. ఈ సమయం ఎక్కింపు కిందికి వస్తుంది, ప్రయాణం కిందికి కాదు. కోఠి చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సమయం మాత్రం ప్రయాణమే. బిల్లులో ఈ రెండూ విడిగా లేకపోతే ఎవరి మాట నిజమో తేల్చడం కష్టం.

దీన్ని పనివారి వైపు నుంచి కూడా చూడండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం బండి నడుస్తున్న సమయంలో చేసే పనిని పని గంటల్లోనే లెక్కించింది. లోపల సామాను ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. మీరు చెల్లించని ఖాళీ పరుగును యజమాని భరించాలి. అతనూ భరించకపోతే ఆ భారం డ్రైవరు, హమాలీల రోజు కూలి మీద పడుతుంది. గుమ్మం లెక్కన బిల్లు వేసే సంస్థ గంట రేటు ఎక్కువగా ఉండటానికి తరచు ఇదే కారణం.

ఒప్పందం కాగితం మీద ఉంటే బయలుదేరిన, చేరిన వేళలు అందులో రాయించుకోండి. సేవ అందించి బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.