పెరిగిన గ్రంథి వేరు, క్యాన్సరు వేరు



ఈవేళ మనం చెప్పుకోబోయేది మగవారి జబ్బు గురించి. మగవారి జబ్బుతో మనకేం పని అనుకోకండి. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేచే మావగారి అడుగుల చప్పుడు ముందుగా వినబడేది ఇంటి ఇల్లాలికే. పెళ్ళికి వెళ్ళినా, ప్రయాణమైనా మొదట బాత్‌రూం ఎక్కడుందో వెతుక్కునే భర్తను గమనించేదీ ఆవిడే. ఆయన మాత్రం సిగ్గుపడి, "వయసు మీదపడింది, అంతే" అని మాట దాటేస్తారు. తీరా ఒకనాడు మూత్రం బిగిసిపోయి ఆస్పత్రికి పరుగెత్తితే, డాక్టరుగారు "ప్రోస్టేటు పెరిగింది, ముక్క తీసి పరీక్షకు పంపాలి" అంటారు. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది.

భీమునిపట్నంలోనూ విశాఖలోనూ పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళున్న ఇళ్ళు ఎన్నో. కనుక ఈ సంగతి మనం తెలుసుకుని వుండటం మంచిది. ముక్క పరీక్ష అంటే క్యాన్సరు వుందని కాదు. వుందో లేదో తేల్చుకోవడానికి అదే దారి.

ముందు ఈ గ్రంథి ఎక్కడుంటుందో చూద్దాం. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉసిరికాయంత వుంటుంది. వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచెయ్యడం దాని పని. యాభై దాటాక చాలామందిలో ఇది మెల్లగా పెరుగుతుంది. అరవై దాటినవారిలో సగంమందికి పైగా ఈ పెరుగుదల కనిపిస్తుంది. నాళం చుట్టూ పెరుగుతుంది కాబట్టి ధార సన్నబడుతుంది, మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తుంది. ఇది క్యాన్సరు కాదు. ముదిరి క్యాన్సరుగా మారుతుందన్న మాటా నిజం కాదు.

అయితే ఒకే గ్రంథిలో రెండూ వుండకూడదని ఎక్కడా లేదు. నారింజపండును తలుచుకోండి. వయసుతో వచ్చే మామూలు పెరుగుదల లోపలి తొనలలో వస్తుంది. క్యాన్సరు ఎక్కువగా తొక్కలాంటి బయటి భాగంలో పుడుతుంది. అందుకే తొలిదశలో క్యాన్సరు మూత్రానికి అడ్డం రాదు, బాధా పెట్టదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఆయనకు పదేళ్ళ క్రితమే ప్రోస్టేటు తీసేశారు, ఇంక భయమేముంది?" అంటూ వుంటారు. మూత్రనాళం గుండా చేసే ఆ ఆపరేషన్‌లో తొనలు మాత్రమే గీకి తీస్తారు, తొక్క అలాగే వుండిపోతుంది. కనుక ఆపరేషనైనవారికి కూడా తరవాత క్యాన్సరు రావచ్చు.

రక్తంలో పి.ఎస్.ఏ. పరీక్ష చేస్తే తెలిసిపోదా అని అడుగుతారు. పి.ఎస్.ఏ. ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీను. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ఎక్కువని చాలాకాలంగా లెక్క. కాని మామూలుగా గ్రంథి పెరిగినా, చీము పట్టినా, మూత్రం బిగిసినా కూడా అది పెరుగుతుంది. తక్కువగా వుంటే చాలనడానికీ లేదు. పి.ఎస్.ఏ. 4 దాటని దాదాపు 3,000 మందికి అమెరికాలో ముక్క పరీక్ష చేస్తే, నూటికి 15 మందిలో క్యాన్సరు కనిపించిందని 2004లో ప్రకటించారు. మరో సంగతి. గ్రంథి తగ్గడానికి ఇచ్చే ఫినాస్టెరైడు, డ్యుటాస్టెరైడు మాత్రలు ఓ ఆరునెలలు వాడితే ఈ అంకె దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మాత్రలు వాడుతున్నట్టు చెప్పకపోతే డాక్టరుగారు మోసపోతారు. మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్ళడం మన వంతు.

పి.ఎస్.ఏ., వేలితో చేసే పరీక్ష, ఈమధ్య ముందుగా తీయిస్తున్న ఎం.ఆర్.ఐ. ఇవన్నీ అనుమానాన్ని పెంచగలవు, తగ్గించగలవు. తీర్పు చెప్పేది మాత్రం సూక్ష్మదర్శిని కింద పెట్టిన ముక్క.

ఆ ముక్క ఎలా తీస్తారంటారా? అల్ట్రాసౌండు తెరమీద చూసుకుంటూ సన్నని సూదితో, సాధారణంగా పది పన్నెండు చోట్ల నుంచి దారప్పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. ఒకచోట తీస్తే చాలదా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పేస్తాం. కుండంతా ఒకేలా ఉడుకుతుంది కనుక అది చెల్లుతుంది. ఈ క్యాన్సరు బియ్యంలో రాయి లాంటిది. గుప్పెడు బియ్యంలో రాయి దొరకలేదని బస్తాలో లేదనగలమా? అందుకే ఒకసారి "క్యాన్సరు లేదు" అని వచ్చినా, అనుమానం బలంగా వుంటే కొన్నాళ్ళకు మళ్ళీ తీద్దామంటారు. అది మొదటిసారి చేసినవారి తప్పు కాదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ముక్క తీశాక చలిజ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

కొన్ని చిన్న ఆస్పత్రుల్లో ముక్కలున్న సీసా మన చేతికే ఇచ్చి ల్యాబుకు తీసుకెళ్ళమంటారు. భీమిలి నుంచి విశాఖకు పాతిక కిలోమీటర్ల పైమాటే. ఆ సీసాలో వుండేది ఫార్మలిన్ అనే మందునీరు, ముక్క కుళ్ళిపోకుండా కాపాడేది అదే. ముక్కలు అందులో బాగా మునిగి వుండాలి. ఘాటు వాసన వస్తోందని దాన్ని పారబోసి మంచినీళ్ళు పొయ్యకండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. సీసామీద పేరు, వయసు, ముక్క ఎక్కడిదో రాసి వుందో లేదో చూసుకుని ఆరోజే అందజెయ్యండి. పెరిగిన గ్రంథికి ఆపరేషనైతే "తీసిన ముక్కలు పరీక్షకు పంపారా?" అని తప్పకుండా అడగండి. మామూలు పెరుగుదలే అనుకుని తీసిన ముక్కల్లో కొందరికి క్యాన్సరు బయటపడుతుంది.

ల్యాబులో ఆ ముక్కను మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండువందలో వంతు మందాన పొరలుగా కోసి, గాజుపలకమీద పరిచి, ఊదా, గులాబి రంగులు వేస్తారు. ఇదంతా ఒక్కపూటలో అయ్యే పని కాదు. రిపోర్టుకు నాలుగైదు రోజులు పడితే ఏదో దాస్తున్నారని కంగారుపడకండి.

ఇక పరీక్షించే పెథాలజిస్టుకు ఏం కనిపిస్తుంది? ఈ గ్రంథి నిండా సన్నని గొట్టాలుంటాయి. అడ్డంగా కోసిన గొట్టం, పైనుంచి తొంగిచూసిన నుయ్యిలా వుంటుంది. ఆరోగ్యంగా వున్నప్పుడు ఆ నూతికి రెండు వరసలు. లోపలి వరసలో ద్రవాన్ని తయారుచేసే పొడుగాటి కణాలు, వాటి వెనక ఆనుకుని చిన్నచిన్న కణాల మరో వరస. వీటినే బేసల్ కణాలంటారు. గ్రంథి ఎంత పెరిగినా, నూతులు పెద్దవై వంకరలు తిరిగినా, ఈ రెండో వరస వుంటుంది. క్యాన్సరులో అది వుండదు. ఒంటివరస చిన్న నూతులు, మంచి నూతుల మధ్య చోటు చేసుకుంటూ చొరబడతాయి. కణాల్లోని కేంద్రకాలు పెద్దవవుతాయి, వాటిలో చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నరాన్ని చుట్టుకుని పాకుతూ కనిపిస్తే ఇంక సందేహమే వుండదు.

చెప్పడానికి ఇంత తేలిగ్గా వుంది గాని, చూడటం అంత తేలిక కాదు. క్యాన్సరులా కనిపించి కానివి కొన్నున్నాయి. వయసుతో కుంచించుకుపోయిన నూతులు అచ్చం చిన్న క్యాన్సరు నూతుల్లాగే వుంటాయి. చిన్న నూతులు ఒకేచోట గుంపుగా పెరిగే అడినోసిస్ అనేది ఒకటి, అందులో బేసల్ కణాలు అక్కడక్కడ మాత్రమే కనిపిస్తాయి. ఇక వాపువల్ల కణాలు గడ్డకట్టే జబ్బు ఒకటుంది. వేలికి రాయిలా తగులుతుంది, పి.ఎస్.ఏ. కూడా పెరుగుతుంది, ముక్క చూస్తే క్యాన్సరు కాదు. మన దేశంలో దానికి క్షయ కూడా ఒక కారణం. ఈ మూడూ తెలియకుండా తీర్పు చెబితే, లేని క్యాన్సరుకు గ్రంథి మొత్తం తీసెయ్యడమో, రేడియేషన్ ఇవ్వడమో జరిగి, మూత్రం అదుపు తప్పే బాధ మిగులుతుంది. ఉన్నదాన్ని చూడకపోతే ప్రాణానికే ముప్పు.

అందుకే ఒక్కోసారి రిపోర్టులో అటూ ఇటూ కాకుండా, "అనుమానించదగిన చిన్న గ్రంథులు కొద్దిగా వున్నాయి" అని వస్తుంది. అది చూసి "తేల్చి చెప్పలేనివాడు ఏం డాక్టరు?" అని విసుక్కోకండి. నాలుగైదు నూతులు చూసి క్యాన్సరని రాసెయ్యకుండా ఆగడమే నిజాయితీ. అప్పుడు అదే మైనపు దిమ్మనుంచి మరికొన్ని పొరలు కోసి ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తారు. పి63, కెరాటిన్ అనే పరీక్షలు బేసల్ కణాలను గోధుమరంగులో చూపిస్తాయి. నూతి చుట్టూ గోధుమరంగు వలయం కనిపిస్తే అది మామూలుదే. రేసిమేజ్ అనే మరో పరీక్ష క్యాన్సరు కణాలకు ఎక్కువగా రంగు పట్టిస్తుంది. ఇవి సాక్షులే, న్యాయమూర్తులు కావు. మంచి నూతులు కూడా అప్పుడప్పుడు రేసిమేజ్ రంగు పట్టుకుంటాయి. మొదటి రంగుల్లో కనిపించినదానితో కలిపి చూసి చెప్పాల్సిందే.

క్యాన్సరని తేలితే రిపోర్టులో ఒక కూడిక లెక్క వుంటుంది. అమెరికాలో మినియాపొలిస్ ఆస్పత్రిలో పనిచేసిన డోనాల్డ్ గ్లీసన్ అనే పెథాలజిస్టు 1966లో ఈ పద్ధతి పెట్టాడు. నూతుల అమరిక ఎంత చెడిందో చూసి అంకె వేస్తారు. మూడు అంటే నూతులు ఇంకా విడివిడిగా వున్నాయని, నాలుగంటే ఒకదానిలోకొకటి కలిసిపోయాయని, అయిదంటే నూతి రూపమే లేదని. ముఖ్యమైన రెండు అంకెలు కూడితే వచ్చేదే గ్లీసన్ స్కోరు. సూది ముక్కల్లో ఈరోజుల్లో అది 6 నుంచి మొదలవుతుంది. కనుక 6 అంటే పదికి ఆరు మార్కులంత జబ్బు కాదు, అన్నిటికన్నా తక్కువ రకం. ఈ కంగారు పోగొట్టడానికే 2014లో 1 నుంచి 5 వరకు గ్రూపులు ఏర్పరిచారు. 6 స్కోరు ఒకటో గ్రూపు. ఆ గ్రూపులో చాలామందికి వెంటనే కత్తి పట్టకుండా, పరీక్షలు చేస్తూ కనిపెట్టి వుండటమే సరిపోతుంది. ఏడులో కూడా తేడా వుంది. మూడు, నాలుగు కలిసిన ఏడుకన్నా నాలుగు, మూడు కలిసిన ఏడు గట్టిది. ఏ అంకె ముందుందో చూడండి.

రిపోర్టు చేతికొచ్చాక మనం చెయ్యాల్సినవి మూడు. ఒకటి, కాగితంతో సరిపెట్టుకోకుండా గాజుపలకలూ మైనపు దిమ్మలూ ఎక్కడున్నాయో కనుక్కోవాలి. రోగికి కావాలంటే వాటిని అడిగి తీసుకోవచ్చు. వాటిని ఎండలో పెట్టకూడదు, దిమ్మ కరిగిపోతుంది. రెండు, పెద్ద చికిత్సకు ఒప్పుకునే ముందు ఆ పలకల్నే మరో పెథాలజిస్టుకు చూపించమని అడగాలి. మళ్ళీ సూది గుచ్చక్కర్లేదు. అడిగితే డాక్టరుగారు నొచ్చుకుంటారేమో అన్న మొహమాటం వద్దు, ఇది వైద్యంలో వున్న పద్ధతే. విశాఖలో 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధమైన కె.జి.హెచ్. వుంది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటరువారి హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రి వుంది. మూడు, "లేదు" అని వచ్చినా పి.ఎస్.ఏ. మళ్ళీ ఎప్పుడు చేయించాలో అడిగి క్యాలెండరు మీద రాసిపెట్టుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, నడుంనొప్పి రోజుల తరబడి తగ్గకపోయినా, మూత్రం బిగిసినా మీవారు వద్దన్నా వినకండి, డాక్టరుగారి దగ్గరకు బయలుదేరదీయండి. ఆయనకు సిగ్గు. మీకది అక్కర్లేదు.