నల్లరేగడి సీమలో ఆడుబిడ్డల పేర్లు – వాని యర్థములు

కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతములను తమిళులు ‘కరిసల్’ సీమ యందురు. మన మాటలో నల్లరేగడి నేల. విజయనగర రాజుల, మధుర నాయకుల కాలమున వలసవచ్చిన తెలుగువారి సంతతి యిచ్చట ననేక గ్రామములందు నేటికిని ఇంట తెలుగే మాటాడుచున్నది. అయితే చదువు, వ్రాత చాలమందికి తమిళమే. ఇట్టిచోట తెలుగు మాటలు దాగి నిలిచిన స్థానములలో ఒకటి బడి హాజరుపట్టీ. అందును బాలికల పేర్లు.

కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో ‘పెత్తమ్మాళ్’ అను బాలిక, తోడివారు నవ్వుచున్నారు గనుక పేరు మార్చుకొందునని నాతో చెప్పెను. తమిళపు వాడుకలో ‘పెత్త’ యనగా ‘కన్న’ అని యర్థము. పదియేండ్ల పిల్ల ‘కన్నతల్లి’ యగుట వారికి హాస్యమయ్యెను. నేను నల్లబల్లపై ‘పెద్దమ్మ’ అని తెలుగున వ్రాసితిని. అది గ్రామదేవత పేరు. ఆ పిల్ల ముత్తవ్వ పేరును అదియే. ఆమె ఆ మాటను తన పుస్తకపు అట్టమీద వ్రాసికొనెను. ఈ వ్యాసమునకు అదియే మూలము.

ఈ పొరపాటునకు కారణము లిపి. తమిళమున క, గ లకు ఒకే యక్షరము. త, ద లకును అంతే. కావున పెద్దమ్మ పెత్తమ్మాళ్ అయినది. గంగమ్మను కంగమ్మగా చదువుటకు వీలు కలిగినది. తెలుగు ‘అమ్మ’ తమిళ మర్యాదను బట్టి ‘అమ్మాళ్’ అగును. రంగమ్మ రెంగమ్మాళ్ అగును. ‘కొండమ్మ’లోని కొండ తెలుగువారికి గిరి, తమిళులకు ‘కొండై’ యనగా కొప్పు. ఒకే పేరు ఒకరి చెవికి కొండగాను, వేరొకరి చెవికి కొప్పుగాను వినబడును.

ఈ సీమకు మిక్కిలి సొంతమైన పేరు జక్కమ్మ. సంస్కృతపు ‘యక్ష’ శబ్దము ప్రాకృతమున ‘జక్ఖ’ యై, దేశభాషలలో ‘జక్క’ యైనది. జక్కమ్మ కంబళత్తు నాయకుల కులదేవత. 1799లో కయత్తారున ఉరితీయబడిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన ఆరాధించిన తల్లి. ‘చెన్న’ యనగా అందమైన. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్, 1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలలో తెలుగువారి వలసకు కారణముగా చెప్పినది చెన్నాదేవి యను కన్య కథనే.

పేర్లు ఒకవైపే నడువలేదు. విరుదునగర జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరున వెలసిన ఆండాళ్ తమిళమున ‘కోదై’, అనగా పూమాల. మనకు ఆమె గోదాదేవి. తాను ముడిచి విడిచిన మాలను స్వామికిచ్చినది గనుక కృష్ణదేవరాయలు తన కావ్యమునకు ‘ఆముక్తమాల్యద’ యని పేరిడెను. మన ‘అలమేలు’ కూడ తమిళమే: అలర్ మేల్ మంగై, పువ్వుపైనున్న వనిత.

పేరులో అర్థమును దాచుట మనయొక్కరి యాచారము కాదు. ఆఫ్రికాలో ఘనా దేశపు అకాన్ జనులు పుట్టిన వారమును బట్టి ఆడుబిడ్డకు పేరిడుదురు: ఆదివారమైన అకోసువా, శుక్రవారమైన అఫువా, శనివారమైన అమా. ఈ ‘అమా’ మన ‘అమ్మ’ను తలపించును గాని, ధ్వనిసామ్యమును చూచి చుట్టరికము కలుపరాదు. నైజీరియాలోని యొరూబావారు అవ్వ గతించిన పిదప పుట్టిన బిడ్డను ‘యెటుండే’ యందురు. ‘తల్లి మరల వచ్చినది’ అని భావము. మనుమరాలికి అవ్వ పేరిడు మనకు ఇది క్రొత్త గాదు. దక్షిణాఫ్రికాలోని జూలూల ‘నొంవులా’ వానవేళ పుట్టిన బాలిక. వాననే నమ్ముకొన్న మన మెట్టరైతునకు ఆ పేరు విప్పి చెప్పనక్కరలేదు.

బిడ్డలు దక్కని యింట యొరూబావారు ‘మాలోమో’ అని పేరిడుదురు. ‘మరల పోకుము’ అని వేడుకొనుట. మన పెంటమ్మ, బిచ్చమ్మ, తమిళుల కుప్పమ్మాళ్, పిచ్చైయమ్మాళ్ అట్టివే. మృత్యువు కన్ను పడకుండుటకై పెట్టిన ముద్దుపేర్లవి. పైకి నీచము, లోపల ప్రేమ.

‘పోదుంపొన్ను’ అను పేరు వేరు. ‘ఆడుపిల్ల యిక చాలును’ అని దాని యర్థము. మహారాష్ట్రమున సాతారా జిల్లాలో ‘నకుసా’, అనగా ‘అక్కరలేనిది’, అను పేరు మోసిన 285 మంది బాలికలకు 2011లో ప్రభుత్వ కార్యక్రమమున క్రొత్త పేర్లిడిరి. అట్టి పేరు మార్చదగినదే.

కావున పేరు మార్చుటకు ముందు అర్థము విచారింపవలెను. పోదుంపొన్నుకు కావలసినది వేరొక పేరు. పెద్దమ్మకు కావలసినది తన పేరులోని అర్థము. 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రపు బడులలో తమిళము తరగతి వెంట తరగతిగా తప్పనిసరి యయ్యెను. ఇచ్చట బ్రతుకు మన పిల్లలకు ఆ భాష రావలసినదే. అయినను ప్రతి తల్లియు తన కూతురి పేరును ఒక్కమారు తెలుగున వ్రాయించి, దాని భావమును చెప్పినచో, ఆ బిడ్డకు అదియే మాతృభాషలో మొదటి పాఠమగును.