తెరమీది బొమ్మరిల్లు

పిల్లలు బొమ్మరిల్లు కట్టుకొని, గుజ్జనగూళ్లు వండి, బొమ్మలకు పెళ్లి చేసి ఆడుకోవడం మనకు తెలిసినదే. ఆ ఆటలో గెలుపు ఓటములు ఉండవు. పెద్దల జీవితాన్ని తమ చేతులతో నడిపి చూడడంలోనే పిల్లలకు ఆనందం. అటువంటి బొమ్మరిల్లును కంప్యూటర్ తెరమీదికి తెచ్చిన ఆట ‘ది సిమ్స్’. 2000 సంవత్సరంలో అమెరికాలో వెలువడిన ఈ ఆటకు తరువాత మరి మూడు ప్రధాన రూపాలు వచ్చాయి. 2014లో వచ్చిన నాల్గవ ఆట కోట్లాది మందిని ఆకర్షించింది. అయినా మొదటినుండి ఈ ఆటలను ఆదరించిన వారిలో చాలామందికి అది అసంతృప్తినే మిగిల్చింది. దానికి గల కారణాలను పరిశీలిస్తే, జీవితాన్ని అనుకరించడమంటే ఏమిటన్న ప్రశ్న మన ముందు నిలుస్తుంది.

ఈ ఆటకు రూపకర్త విల్ రైట్. 1989లో నగర నిర్మాణాన్ని ఆటగా మలచి, ‘సిమ్ సిటీ’ పేరుతో అందించి ఆయన అప్పటికే ప్రసిద్ధుడయ్యాడు. 1991లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ కొండలలో చెలరేగిన కార్చిచ్చులో ఆయన ఇల్లు కాలిపోయింది. ఇంటిని మళ్లీ సమకూర్చుకొనే సమయంలో, మనిషికి నిజంగా కావలసినవి ఏవి అన్న ఆలోచన ఆయనలో బలపడింది. నగరంపై నిలిపిన చూపును ఆయన ఇంటి లోపలికి మళ్లించాడు.

మొదటి ఆటలోని ప్రతి పాత్రకూ ఎనిమిది అవసరాలు ఉండేవి. ఆకలి, సౌఖ్యం, శుభ్రత, కాలకృత్యాలు, శక్తి, వినోదం, సాంగత్యం, పరిసరాల అందం అన్నవే అవి. ఉద్యోగంలో ఎదగాలంటే నైపుణ్యంతోపాటు స్నేహితులూ కావాలి. స్నేహం నిలవాలంటే దానికి సమయం కేటాయించాలి. ఒక అవసరాన్ని తీర్చబోతే మరొకటి వెనుకబడేది. రోజుకున్న సమయం ఎప్పుడూ చాలేది కాదు. ఆ చాలకపోవడంలోనే ఆటకు ప్రాణం ఉండేది.

2004లో వచ్చిన రెండవ ఆట ఈ బొమ్మలకు వయస్సును ప్రసాదించింది. పాత్రలు పుట్టి, పెరిగి, వృద్ధాప్యం పొంది మరణించేవి. తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు సంక్రమించేవి. తొలి ప్రేమ, ఆప్తుల మరణం వంటి సంఘటనలు ఆ పాత్రకు జ్ఞాపకాలుగా నమోదయ్యేవి. 2009లో వచ్చిన మూడవ ఆటలో ఊరంతా ఒకే ప్రపంచంగా తెరుచుకొన్నది. ఇంటి నుండి బయలుదేరిన పాత్ర వెంట వీధులన్నీ తిరిగి రావచ్చు. ఆటగాడు పట్టించుకోని పొరుగు కుటుంబాలలో కూడా పెళ్లిళ్లు జరిగేవి, బిడ్డలు పుట్టేవారు. ఈ విధంగా ఒక ఆట కాలాన్ని, మరొక ఆట లోకాన్ని విస్తరింపజేశాయి.

సహజంగానే నాల్గవ ఆటపై ఆశలు పెరిగాయి. అయితే ఆ ఆటలో ఊరు మళ్లీ ముక్కలయింది. పొరుగింటికి వెళ్లాలన్నా తెరపై కొంతసేపు నిరీక్షించవలసి వచ్చింది. వస్తువులకు ఇష్టమైన రంగులు అద్దుకొనే సౌకర్యం తొలగిపోయింది. విడుదలనాటికి ఈతకొలనులు లేవు. తప్పటడుగులు వేసే పిల్లల దశ కూడా లేదు. ఈతకొలనులు ఆ సంవత్సరం చివరలోనే వచ్చినా, ఆ పిల్లల కోసం 2017 వరకు వేచి ఉండవలసి వచ్చింది. పాత్రల మధ్య చిరకాలం నిలిచే అనుభూతులు 2020లో, పొరుగు కుటుంబాల కథలు 2021లో చేరాయి.

ఈ ఆట భావోద్వేగాలకు పెద్దపీట వేసింది. సంతోషం, దుఃఖం, కోపం వంటివి పాత్రల ముఖంలోను, నడకలోను చక్కగా కనిపిస్తాయి. అయితే ఆ భావాలకు లోతు లేదన్నది పాత అభిమానుల విమర్శ. అందంగా అలంకరించిన గది, రుచికరమైన భోజనం చాలు, పాత్ర ఇట్టే ఉల్లాసంగా మారుతుంది. ధనం సులభంగా లభిస్తుంది. తప్పు చేసినా దాని ఫలితం ఎక్కువ కాలం వెంటాడదు. కష్టం తేలికైనప్పుడు సుఖానికి విలువ తగ్గుతుంది. ఎన్నో పూటల శ్రమతో కొన్న చిన్న మంచం ఇచ్చిన తృప్తిని, అనాయాసంగా దక్కిన భవనం ఇవ్వలేదు.

వెల కూడా మరొక కారణం. ఋతువులనే ఉదాహరణగా తీసుకొందాం. వానను, మంచును ఆటలోకి తెచ్చే అనుబంధాన్ని రెండవ ఆటకు 2007లో, మూడవదానికి 2012లో, నాల్గవదానికి 2018లో విడివిడిగా అమ్మారు. మూడు ఆటలనూ ఆడినవారు ఒకే వానను మూడుసార్లు కొన్నారన్నమాట. 2022 అక్టోబరు నుండి నాల్గవ ఆట మూలరూపం ఉచితంగా లభిస్తున్నా, అనుబంధాలను మాత్రం కొనవలసిందే.

ఇన్ని లోపాలు ఉన్నాయని ఈ ఆటను నిరర్థకమనడం న్యాయం కాదు. మూడవ ఆటలోని విశాలమైన ఊరు సామాన్యమైన కంప్యూటర్లపై తడబడుతూ నడిచేది. నాల్గవ ఆట అటువంటి వాటిపై కూడా సాఫీగా సాగుతుంది. ఇల్లు కట్టడం, పాత్రల రూపురేఖలు దిద్దడం ఇందులో మునుపటికంటె ఎంతో సులభం. చిన్ననాటి ఆటను తలచుకొన్నప్పుడు దాని లోపాలు మరుగున పడడం కూడా మనుషుల స్వభావమే. ఆ మమకారాన్ని కొంత మినహాయించి చూసినా, పాత అభిమానుల వాదనలో బలం మిగులుతుంది.

ఇటువంటి ఆటలను నిర్మించడం సులభం కాదనడానికి ఇతరుల ప్రయత్నాలే నిదర్శనం. పోటీగా తలపెట్టిన ‘లైఫ్ బై యు’ అనే ఆటను విడుదలకు ముందే, 2024లో విరమించారు. దక్షిణ కొరియా నుండి ‘ఇన్‌జోయ్’ 2025లో ప్రాథమిక రూపంలో వెలువడింది. దాని చిత్రాలు కనులపండువగా ఉన్నా, పాత్రల జీవనంలో ఇంకా జీవం చాలదనే మాట వినిపించింది.

వీటన్నిటినిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. పాత్రల అందం, భవనాల వైభవం జీవితానికి బాహ్యరూపాలు మాత్రమే. కాలం గడవడం, చేసిన పని ఫలితాన్ని అనుభవించడం, ఇరుగుపొరుగుతో కలిసి బతకడం, గతాన్ని గుర్తుంచుకోవడం దాని అంతస్సారం. మొదటి మూడు ఆటలు తమ పరిమితులలోనే ఆ సారాన్ని అందుకోవడానికి ప్రయత్నించాయి. ఎంత అందంగా కట్టినా, అందులో ఒక సంసారం నడుస్తున్నదని నమ్మగలిగినప్పుడే బొమ్మరిల్లు ఇల్లనిపించుకొంటుంది. పాత అభిమానులు కోరుతున్నది ఆ నమ్మకాన్నే.