మనవాళ్లుంటే... మనసుకి ధైర్యం!

మనసు బాగోకపోతే 'మన' అనుకున్నవాళ్లతో చెప్పుకుంటాం. ఆ మనవాళ్లే తలుపు మూసేస్తే? చాలామంది ట్రాన్స్‌జెండర్ల జీవితంలో కుంగుబాటు మొదలయ్యేది అక్కడే.

ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో దాన్ని మానసిక రుగ్మతల విభాగం నుంచి తప్పించింది. మనసుని గాయపరిచేవి బడిలో వెక్కిరింతలు, బస్సులో చూపులు, అద్దెకి దొరకని ఇల్లు.

ఆ గాయానికి మందేమిటి? అమెరికాలో 1,093 మంది ట్రాన్స్‌జెండర్లపై చేసిన అధ్యయనం ఒకటి 2013లో వెలువడింది. వివక్ష ఎక్కువ ఎదుర్కొన్నవారిలో మనోవ్యథా ఎక్కువే. అయితే తమలాంటివారి తోడు బాగా ఉన్నవారిపై ఆ ప్రభావం తక్కువగా కనిపించింది. 'నాకూ ఇలాగే జరిగింది' అనే మనిషి ఎదురుగా ఉంటే, లోపం తనలోనే ఉందన్న అపరాధభావం కరుగుతుంది.

మన హిజ్రాలకి ఇది కొత్తేం కాదు. ఇల్లు వదిలి వచ్చినవారికి గురువే అమ్మ, తోటి చేలాలే అక్కచెల్లెళ్లు. అక్కడా కట్టుబాట్లుంటాయి, మనస్పర్థలుంటాయి. అయినా జ్వరమొస్తే గంజి కాచిచ్చే చెయ్యి ఒకటుంటుంది!

హైదరాబాద్‌ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్‌ క్లినిక్‌ ఈ తోడుకి వైద్యాన్ని జోడించింది. అక్కడి సిబ్బందిలో ట్రాన్స్‌జెండర్లే ఉండేవారు. వచ్చినవారు తమ గురించి మొదటినుంచీ వివరించుకోవాల్సిన పని ఉండేది కాదు. అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది. అదే ఏడాది టాటా ట్రస్ట్స్‌ అండతో 'సబ్‌రంగ్‌' పేరిట మళ్లీ తెరుచుకుంది. మధ్యలో ఆ నెలలు అక్కడికి వెళ్లేవారికి మందుల చీటీతోపాటు మాట్లాడే మనిషీ దూరమైన రోజులు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు'గా నమోదైనవారు 43,769 మంది. అందరూ ఏదో ఒక ఇంట్లో పుట్టిన పిల్లలే. స్నేహితులు ఎంత తోడున్నా అమ్మ ఫోను కోసం ఎదురుచూసేవారు వారిలో ఎందరో! కోరుకున్న పేరుతో పిలవడం, పండక్కి రమ్మనడం, బంధువుల ముందు దాచిపెట్టకపోవడం... ఇంటివాళ్లు ఇక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ 'టెలీ మానస్‌' 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా!