ఆట ఒకటే... ఆడే తీరు ఊరికొకటి

అరకులోయ: గూడెంలో అరుగు మీద బొగ్గుతో గీసిన పులి-మేక గీతలు వానకు చెరిగిపోతే మళ్లీ గీసుకోవచ్చు. ఆ ఊళ్లో ఎలా ఆడేవారో తెలిసిన ముసలమ్మ కన్నుమూస్తే మాత్రం ఆ తీరు ఆమెతోనే పోతుంది. మళ్లీ గీసిపెట్టేవారు ఉండరు. కొండల్లో ఆటలకు పుస్తకం లేదు. నోటి నుంచి నోటికి, చేతి నుంచి చేతికి వచ్చినవే అన్నీ. ఆ పుస్తకాన్ని ఊరి పిల్లలే రాసుకోవచ్చు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఎలా రాయాలో, ఎలా వరుస పెట్టాలో, దేన్ని దిద్దాలో, దేన్ని ముట్టుకోకూడదో మాత్రం ముందు తెలుసుకోవాలి.

తగువుతోనే మొదలు

గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ఒకే గదిలో పది గూడేల పిల్లలు ఉంటారు. సెలవు రోజున పులి-మేక ఆడదామని కూర్చుంటే ముందు తగువు వస్తుంది. మూడు పులులు, పదిహేను మేకలు అన్నచోట ఎవరికీ పేచీ లేదు. గీతలు కలిసే చోట్లు 23 అన్నదీ లెక్కపెట్టి చూసుకోవచ్చు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులులు ఎటూ కదలకుండా కట్టేస్తే మేకలవాడు గెలిచినట్టు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట.

ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టు? ఇక్కడ మాట పడదు. అయిదు చాలని ఒకరు, పది తినాలని ఒకరు, మేకలన్నీ అయిపోవాలని ఇంకొకరు అంటారు. గట్టిగా అరిచినవాడి మాట నెగ్గితే మిగిలిన ఊళ్ల తీరు ఆ గదిలోనే పోయినట్టు. అదే ముగ్గురి మాటా కాగితం మీద పడితే తగువే పుస్తకానికి మొదటి పేజీ అవుతుంది.

కబడ్డీ చెప్పే పాఠం

ఇలాంటి చిక్కు దేశమంతా గడచి వచ్చిందే. మన పల్లెల్లో చెడుగుడు అనే ఆటను మహారాష్ట్రలో హుతుతు అనేవారు. పేరే కాదు, పద్ధతులూ వేరే. సంజీవని పద్ధతిలో, అవుటైన ఆటగాడు ఎదుటి జట్టువాడు అవుటైనప్పుడు మళ్లీ బతికి వస్తాడు. గామినిలో జట్టంతా అవుటయ్యేదాకా బయటే ఉండాలి. అమర్‌లో అవుటైనా బరిలోనే ఉంటాడు, ఎదుటివారికి పాయింటు మాత్రం పోతుంది.

వేర్వేరు చోట్ల జట్లు కలిసి ఆడాలంటే అందరికీ ఒకే నిబంధన కావాలి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. నేడు ఆడే కబడ్డీకి సంజీవని పద్ధతి మూలమైంది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ పతకాల ఆటగా చేరితే భారత్ స్వర్ణం గెలిచింది. నిబంధనలు రాసి పెట్టుకోబట్టే పల్లె ఆట అంత దూరం పోగలిగింది.

అయితే పోటీకి ఒక పద్ధతిని ఎంచుకున్నంత మాత్రాన మిగతా రెండూ తప్పు ఆటలు కావు. వాటి పేర్లు, తీరుతెన్నులు రాసి ఉన్నాయి కాబట్టే ఈనాటికీ తెలుస్తున్నాయి. కొండ ఆటల పుస్తకం రాసేవారు గుర్తుంచుకోవలసింది ఇదే. పోటీ పెట్టుకునే రోజున ఏదో ఒక నిబంధన ఎంచుకోండి. పుస్తకంలో మాత్రం అన్నింటికీ చోటివ్వండి.

ఒక్కో ఆటకు ఒక్కో పేజీ

ప్రతి ఆటకూ పేజీ విడిగా ఉండాలి. పైన ఆట పేరు. కింద ఎంతమంది ఆడతారు, ఏమేం కావాలి, గళ్లు ఎలా గీయాలి, ఎవరు మొదలుపెడతారు, ఎలా సాగుతుంది, ఎప్పుడు గెలిచినట్టు అన్నవి ఇదే వరుసలో రావాలి. అన్ని పేజీలకూ వరుస ఒకటే అయితే వెతికేవారికి సులువు. ఏ ముక్క రాయడం మరిచారో కూడా ఇట్టే కనిపిస్తుంది.

చివర చెప్పినవారి ఊరు, మండలం, రాసిన తేదీ తప్పకుండా ఉండాలి. తేదీ ఎందుకని అడగవచ్చు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అంతకు ముందు అరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తేదీ లేని పాత కాగితం మీద విశాఖ జిల్లా అని ఉంటే పదేళ్ల తర్వాత చదివే పిల్లవాడు ఆ ఊరి కోసం విశాఖ చుట్టూ వెతుకుతాడు.

ఇక దిద్దుబాటు. ‘పులి మేకను తింటుంది’ అని ఒక పిల్లవాడు రాశాడనుకుందాం. ఆట తెలిసినవాడికి అది చాలు, తెలియనివాడికి చాలదు. ‘పులి పక్కన మేక ఉండి, అదే గీత మీద మేక వెనుక చోటు ఖాళీగా ఉంటే, పులి మేక మీదుగా దూకి ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఆ మేకను పక్కన పెట్టేస్తారు’ అని రాస్తే ఎవరైనా ఆడగలరు. మార్చింది వాక్యాన్నే, ఆట అలాగే ఉంది.

అష్టాచెమ్మా పేజీకీ ఇదే కొలత. గళ్లు అడ్డం అయిదు, నిలువు అయిదు. గవ్వలు నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండు మాటలకు అర్థం రాయకపోతే కొత్తవాడు మొదటి పందెంలోనే ఆగిపోతాడు.

రాయడం అయ్యాక పరీక్ష ఒకటుంది. ఆ ఆట ఎన్నడూ ఆడని ఇద్దరు పిల్లలకు పేజీ ఇచ్చి ఆడమనాలి. రాసినవాడు నోరు విప్పకూడదు. వారు ఎక్కడ ఆగి ముఖాలు చూసుకుంటారో అక్కడ పేజీలో లోపం ఉన్నట్టు.

పేర్ల చిక్కు, వరుస చిక్కు

పేజీలు ఇరవై దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. ఒకే ఆట రెండు పేర్లతో రెండు చోట్ల కనిపిస్తుంది. గోటీబిళ్ల, బిళ్లంగోడు, కర్రాబిళ్ల, తెలంగాణలో చిర్రగోనె... పేర్లు నాలుగైనా అన్నింటా చిన్న పుల్లను పెద్ద కర్రతో ఎగరగొట్టడమే. ఇలాంటప్పుడు పేజీ ఒకటే ఉంచాలి. మీ ఊళ్లో వాడే పేరు పైన పెట్టి, మిగిలిన పేర్లు దాని కిందే రాయాలి. పుస్తకం చివర అక్షర క్రమంలో పేర్లన్నీ ఇచ్చి, ఎదురుగా పేజీ సంఖ్య వేయాలి. ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి రావాలి.

కలిపేటప్పుడు తొందర పనికిరాదు. వామనగుంటల పీటకు రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలు, అందులో చింతపిక్కలు. తమిళనాడులో దీన్నే పల్లాంగుళి అంటారు. ఆఫ్రికాలోని ఘనా దేశంలో ఓవారే అనే ఆట ఉంది. అందులో పన్నెండు గుంటలు, నలభై ఎనిమిది గింజలు. పిక్కలు తీసి గుంటకొకటి చొప్పున పంచుకుంటూ పోవడం రెండింటా ఒకటే. గుంటల లెక్క మాత్రం వేరు. కాబట్టి ఓవారేను వామనగుంటల పేజీలో కలిపేయకూడదు. ‘ఇలాంటి ఆటే’ అని పక్కన ఒక ముక్క రాస్తే సరిపోతుంది.

పేజీలను ఏ వరుసలో పెట్టాలన్నది మరో ప్రశ్న. గీతల మీద ఆడేవి, గుంటల్లో ఆడేవి, కర్రతో ఆడేవి, ఒట్టి చేతులతో ఆడేవి అని విడదీయడం ఒక పద్ధతి. సందర్భాన్ని బట్టి విడదీయడం మరో పద్ధతి. అది ఈ కొండల వారికి కొత్త కాదు. ధింసా నాట్యాన్నే చూడండి. గ్రామదేవత కోసం ఆడేది బోడ ధింసా. ఆకులు ఏరుకునే పనిని చూపేది పొతర్ తోల ధింసా. పులి బారి నుంచి తప్పించుకోవడాన్ని చూపేది బాగ్ ధింసా. పుస్తకం లేకుండానే పెద్దలు ధింసాను రకాలుగా విడదీసి, పేర్లు పెట్టి, గుర్తుంచుకున్నారు. చైత్రంలో ఇటుకల పండుగ నాడు ఆడే ఆట ఏదైనా ఉంటే ఆ సంగతి పేజీలో రాయవలసిందే. కాలం చెప్పకపోతే ఆటలో సగమే చెప్పినట్టు.

పూజతో ముడిపడిన వాటి విషయంలో జాగ్రత్త అవసరం. ఊరి పెద్దలను అడిగి, వారు వద్దన్నది రాయకుండా వదిలేయాలి.

మాటను దిద్దవద్దు

ఈ కొండల్లో కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒరియా వంటి భాషలు ఇళ్లలో వినిపిస్తాయి. ఆటలో పిలుపులు, లెక్కలు, గెలిచినవాడి కేకలు ఆ భాషల్లోనే ఉంటాయి. తెలుగులోకి మార్చి రాస్తే పుస్తకం శుభ్రంగానే కనిపిస్తుంది. కానీ చెప్పిన అవ్వకు చదివి వినిపిస్తే, అది తన ఆటేనని ఆమె గుర్తుపట్టదు.

ఈ విషయంలో దారి చూపినవారు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవరలు ఎలా పలికితే అలా రాసుకున్నారు. సవర భాష తీరును వివరించే గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. తెలుగులో జనం మాట్లాడే భాషకు గౌరవం కావాలని పోరాడినవారూ ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

రాయడానికి లిపి లేదన్న బెంగ కూడా అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియాతో కలిపి ఎనిమిది భాషల్లో పిల్లల వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. అలాగే ఆట మాటలను కూడా తెలుగు అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాసి, పక్కన అర్థం ఇవ్వవచ్చు. ఆ ఇంటి భాష తెలిసిన పిల్లవాడే ఆ పేజీ దిద్దాలి. తెలియనివారు, ఎంత చదువుకున్నవారైనా సరే, అడిగి దిద్దాలి.

కొట్టివేతా ఉండనివ్వండి

పదిమంది రాసే పుస్తకంలో పదిమందికీ దిద్దే హక్కు ఉంటుంది. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. ఎవరి పేజీనీ చింపకూడదు. తప్పనిపిస్తే చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టి, పైన సరైనది రాసి, పక్కన తమ పేరు, తేదీ వేయాలి. రేపు కొట్టివేసిందే నిజమని తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండు ఊళ్ల మాట కలవకపోతే ఓటు వేసి తేల్చకూడదు. ‘ఆ ఊళ్లో ఇలా, ఈ ఊళ్లో ఇలా’ అని రెండూ రాయాలి. చేతి పుస్తకం ఒక్కటే ఉంటే వానకో చెదలకో పోతుంది. ఏడాదికోసారి మరో ప్రతి రాసి వేరే చోట దాచాలి.

నేడు కొండ మీది పిల్లల చేతుల్లోనూ సెల్‌ఫోన్ ఆటలు ఉన్నాయి. వాటి నిబంధనలు తయారుచేసినవారి దగ్గర భద్రంగా ఉంటాయి. పులి-మేకకు అలాంటి యజమాని లేడు. ఆడేవారే దానికి యజమానులు. పండక్కి ఇంటికి వెళ్లే పిల్లలు సంచిలో ఒక నోటు పుస్తకం వేసుకుని, అవ్వ పక్కన ఒక పూట కూర్చుంటే మొదటి పేజీ తయారవుతుంది. మొదట అడగవలసిన ప్రశ్న కూడా సిద్ధంగానే ఉంది: మన ఊళ్లో ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టు?